మేనల్లుడికి, కొత్తింటి లైట్ల గురించి

మల్కాజ్‌గిరి,
హైదరాబాద్.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న నల్లగండ్లలో మీ గృహప్రవేశం బాగా జరిగింది. వంట కూడా బాగుంది. కానీ సాయంత్రం నువ్వు "అలెక్సా, హాల్ లైట్ ఆన్" అని మూడుసార్లు అన్నావు. మూడుసార్లూ అది "ఆ పేరుతో చాలా ఉన్నాయి, ఏది కావాలి?" అని అడిగింది. నాలుగోసారి మీ అమ్మ లేచి వెళ్లి స్విచ్ నొక్కింది. అందరూ నవ్వారు, నువ్వు మొహం చిన్నబుచ్చుకున్నావు. ఆరేళ్ల కిందట మా ఇంట్లో జరిగిన భాగోతం ముందు అదెంత! ఫోన్లో చెప్తే సగం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని రాస్తున్నాను.

ఆ రాత్రి నీ ఫోన్ తీసుకుని చూశాను కదా, జబ్బు అక్కడే తెలిసిపోయింది. ఒకే బల్బు అలెక్సాలోకి మూడు దారుల్లో వచ్చి కూర్చుంది. బల్బు కంపెనీ స్కిల్ (అలెక్సాకు తగిలించే చిన్న యాప్ లాంటిది) ద్వారా ఒకసారి, ఇంట్లో పరికరాలన్నిటినీ ఒకచోట నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ ద్వారా రెండోసారి, డబ్బా మీది మ్యాటర్ (వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసే పద్ధతి) కోడ్ స్కాన్ చేసి మూడోసారి. ఒకే మనిషికి మూడు రేషన్ కార్డులు ఉన్నట్టు. మ్యాటర్‌లో ఒక బల్బును ఇద్దరు ముగ్గురు కంట్రోలర్లకు అప్పగించే వీలుంది, నిజమే. వీలుంది కదా అని అందరికీ అప్పగిస్తే ఇంతే. పైగా "రిలాక్స్" అనే సీన్, అంటే ఏ లైటు ఎంత వెలగాలో ముందే కట్టిపెట్టిన అమరిక, బల్బు యాప్‌లో ఒకటి, గూగుల్ హోమ్‌లో ఒకటి, హోమ్ అసిస్టెంట్‌లో ఒకటి చేశావు. అమ్మాయి గూగుల్‌తో అంటే ఒక వెలుతురు, నువ్వు అలెక్సాతో అంటే ఇంకో వెలుతురు. ఇంక రిలాక్స్ ఎక్కడిది!

సీన్ ఒక్కచోటే పుట్టాలి. అది హోమ్ అసిస్టెంట్‌లోనే. ఎందుకంటే అది నీ ఇంట్లో, నీ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడుస్తోంది. నెట్ పోయినా, జిగ్‌బీ అనే సొంత రేడియో దారిలో మాట్లాడుకునే బల్బులు దాని మాట వింటాయి. అలెక్సా, గూగుల్, సిరి మూడూ ఆ సీన్‌ను పేరు పెట్టి పిలవాలి, అంతే. ఏ లైటు ఎంత శాతం వెలగాలో వాటికి తెలియనక్కర్లేదు. కాబట్టి బల్బు కంపెనీ స్కిల్‌ను అలెక్సాలో ఆపెయ్. డివైస్‌ల లిస్టులో పాతవన్నీ తీసెయ్. మ్యాటర్ దారిలో నేరుగా కలిపినవీ తీసెయ్. నువ్వు హోమ్ అసిస్టెంట్ క్లౌడ్‌కు చందా కడుతున్నావు కాబట్టి దాని సెట్టింగ్స్‌లో వాయిస్ అసిస్టెంట్స్ పేజీకి వెళ్లి, అలెక్సా, గూగుల్‌లలో ఏది ఎవరికి కనపడాలో టిక్కు పెట్టు. మా ఇంట్లో చిన్నాపెద్దా కలిపి 38 పరికరాలు ఉన్నాయి. బయటికి చూపించింది 9.

పేర్ల దగ్గర తొందరపడకు. నేను మొదట్లో "డిన్నర్" అని సీన్ పెట్టాను, "డిమ్మర్" అని స్విచ్ పెట్టాను. భోజనానికి కూర్చున్న ప్రతిసారీ అలెక్సాకూ నాకూ గొడవే. "బెడ్‌రూమ్", "బెడ్‌టైమ్" కూడా అలాంటి జంటే. గది పేరుతో మొదలయ్యే పేరు సీన్‌కు పెట్టకు. నీ అలెక్సా ఇంగ్లిష్‌లో వింటోంది కాబట్టి "దేవుడి గది" అంటే దాని నోట ఇంకేదో అయిపోతుంది. "పూజ" అను, సరిపోతుంది. పేరు పెట్టాక నువ్వు కాదు, మీ అమ్మ పలికి చూడాలి. ఆవిడ నోట రెండుసార్లలో పలకలేదంటే పేరు మార్చెయ్.

ఇంకొకటి. అలెక్సా యాప్‌లో గదికొక గ్రూప్ చేసి, ఆ గదిలో ఉన్న ఎకోను (అలెక్సా స్పీకర్‌ను) కూడా అందులోనే వెయ్యి. అప్పుడు గది పేరు చెప్పకుండా "లైట్స్ ఆన్" అంటే చాలు, ఆ గదివే వెలుగుతాయి. మీ అమ్మకు ఈ ఒక్క మాట వస్తే చాలు.

హోమ్ అసిస్టెంట్‌లో సీన్‌కు ఆన్ మాత్రమే ఉంటుంది, ఆఫ్ ఉండదు. "మూవీ ఆఫ్" అని నువ్వు అరుస్తున్నా అది కదలకపోవడానికి కారణం ఇదే. నేనేం చేశానంటే, టీవీకి సీన్ బదులు, పనులు వరసగా చేసే స్క్రిప్ట్ రాశాను. ముందు హాల్లో లైట్లు ఎలా ఉన్నాయో ఫొటో తీసినట్టు పట్టుకుంటుంది. దానికి సీన్ క్రియేట్ అనే పని ఉంది. తర్వాత లైట్లు తగ్గిస్తుంది. సినిమా అయ్యాక "నార్మల్" అంటే మళ్లీ ముందున్నట్టే వస్తాయి. ఒక గంట కూర్చుంటే వచ్చేస్తుంది, రాకపోతే నాకు ఫోన్ చెయ్యి.

14 సీన్లు చేశావు. ఆరు నెలలకు అందులో నాలుగైదే మిగులుతాయి, చూడు. మా ఇంట్లో బతికినవి సంధ్య, భోజనం, టీవీ, రాత్రి, ఇంకా "క్లీనింగ్". ఈ చివరిదానికీ చీపురుకూ సంబంధం లేదు. మీ అత్తయ్య కమ్మ మర కిందపడితే అన్ని లైట్లూ 6500 కెల్విన్ తెల్లగా, వంద శాతం వెలగడానికి! మిగతా వేళల్లో 2700 కెల్విన్ పసుపు వెలుగు చాలు.

సంధ్య సీన్‌కు ఆరు గంటలని టైమ్ పెట్టకు. మన ఊళ్లో నవంబర్ చివర్లో సుమారు 5:40కే పొద్దు గుంకుతుంది, జూలై మొదట్లో 6:50 దాటాక గానీ గుంకదు. సూర్యాస్తమయాన్ని ట్రిగ్గర్‌గా పెట్టి, దానికి 15 నిమిషాలు ముందే వెలిగేలా చెయ్యి. అసుర సంధ్య వేళ ఇల్లు చీకటిగా ఉండకూడదని మీ అమ్మమ్మ పట్టు. ఈ ఒక్క ఆటోమేషన్‌నే ఆవిడ ఇప్పటిదాకా మెచ్చుకుంది.

రాత్రి సీన్ గురించి చెప్పాలంటే కొంచెం సిగ్గుగా ఉంటుంది. మొదట్లో నా "గుడ్‌నైట్" ఇంట్లో అన్ని లైట్లూ ఆర్పేసేది. ఒకరోజు మంచమెక్కి ఆ మాట అన్నాను. అదే సమయానికి మా అమ్మ తన గదిలో బీపీ మాత్రలు అరచేతిలో వేసుకుని చూసుకుంటోంది. చీకట్లో ఒక మాత్ర కిందపడింది. ఆవిడ ఒక్క మాటా అనలేదు. మర్నాటి నుంచి దిండు కింద టార్చి పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. సీన్ మార్చి ఇన్నేళ్లయినా ఆ టార్చి అక్కడే ఉంది. మీ అమ్మ గదిని ఏ సీన్‌లోనూ కలపకు. ఆవిడ మంచం నుంచి బాత్‌రూమ్ దాకా మాత్రం, పాత జీరో బల్బులా, అయిదు శాతం వెలుతురు తెల్లవార్లూ ఉంచు.

కరెంటు సంగతి. మే నెల గాలివానకు రాత్రి రెండింటికి పోయింది, కాసేపటికి వచ్చింది. వచ్చీ రావడంతోనే 11 బల్బులు పెళ్లిపందిట్లోలా తెల్లగా వెలిగాయి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు బల్బు ఎలా ఉండాలో చెప్పే సెట్టింగ్ ఉంటుంది, పవర్ ఆన్ బిహేవియర్ అంటారు. ఒక్కో బల్బుకూ వెళ్లి "ముందున్నట్టే" అని మార్చు. రౌటర్‌నీ, రాస్ప్‌బెర్రీ పైనీ ఇన్వర్టర్ లైన్ మీదికి తెచ్చుకో.

ఇక ఎవరూ నొక్కకుండా స్విచ్‌ల మీద నువ్వు అతికించిన టేపు. పనమ్మాయి టేపు చూసి ఆగుతుందనుకున్నావా? అలవాటుగా చెయ్యి వెళ్లిపోతుంది. జిగ్‌బీ బల్బుకు కరెంటు ఆపేస్తే అదొక్కటే ఆరడం కాదు, దాని మీదుగా వెళ్లే పక్క సెన్సర్ల కబుర్లు కూడా తెగిపోతాయి. సీలింగ్ లైట్లకు మామూలు బల్బులే పెట్టి, బోర్డు వెనక రిలే మాడ్యూల్ (చెప్తే ఆన్, ఆఫ్ అయ్యే చిన్న స్విచ్) వేయించు. స్విచ్ నొక్కినా, నోటితో చెప్పినా వెలుగుతాయి. రంగుల బల్బులు టేబుల్ ల్యాంపులకు ఉంచుకో. మన బోర్డుల్లో సాకెట్ ఉందంటే న్యూట్రల్ వైరు వచ్చి ఉంటుంది. మంచం పక్క టూవే స్విచ్ దగ్గర చాలాసార్లు ఉండదు, ముందే ఎలక్ట్రీషియన్‌తో చూపించు. లైను కరెంటు ఆపే ఎంసీబీ దించకుండా బోర్డు విప్పనివ్వకు. ఫ్యాన్‌ను మాత్రం లైట్ డిమ్మర్‌కు తగిలించకు. ట్రూప్ బజార్‌కు వెళ్తే హోల్డర్ చూసుకుని వెళ్లు. పిన్ హోల్డర్‌కు బి22, మర హోల్డర్‌కు ఇ27. నేను ఈ పొరపాటుకు రెండుసార్లు కోఠీ తిరిగాను.

బల్బులతో మాట్లాడే జిగ్‌బీ డాంగిల్‌ను రాస్ప్‌బెర్రీ పైకి ఉన్న నీలం యూఎస్‌బీ పోర్టుకు నేరుగా గుచ్చావు. మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో కొంచెం దూరంగా పెట్టు. యూఎస్‌బీ 3 పోర్టు రొదకు దానికి సరిగ్గా వినపడదు. నీ వరండా బల్బు అప్పుడప్పుడు పలకకపోవడం అందువల్లేనని నా అనుమానం.

ఆదివారం పొద్దున్నే వస్తాను. ఈలోగా అలెక్సా లిస్టు ఖాళీ చేసి ఉంచు. హోమ్ అసిస్టెంట్‌లో చెయ్యి పెట్టే ముందు మాత్రం బ్యాకప్ తీసి ల్యాప్‌టాప్‌లో దాచు, అదంతా ఉండే మెమరీ కార్డులు చెప్పి పోవు. ఆ టేపు మాత్రం ఇవాళే పీకెయ్, మీ అమ్మ చీకట్లో తడుముకుంటోందట.

మీ మామయ్య