ఆవు గొంతులో మామిడి టెంక

"పంది, ఆవు, కుక్క లాంటి జంతువులకు అన్నవాహిక మనకు పనిచేసినట్టే పనిచేస్తుందా?" అని అడిగారు. మింగినదాన్ని కడుపులోకి చేర్చడం వరకు అన్నిటికీ ఒకటే. కానీ ఆవుకు అది రానూ పోనూ దారి. ఈ సంగతి నాకు బెంగళూరు మత్తికెరెలో, మా పక్క సందులో తెలిసింది.

ఆ సందులో కుప్పం వైపు నుంచి వచ్చిన ఒక అక్క రెండు ఆవుల్ని పెట్టుకుని పాలు పోస్తుంది. ఒక మే నెల సాయంత్రం మా గేటు కొట్టి, "తమ్ముడూ, ఆవు అదో మాదిరి చేస్తా ఉండాది, డాక్టరుకు ఫోన్ చెయ్యి" అంది. వెళ్లేసరికి ఆవు మెడ చాపి నిలబడి ఉంది. నోట్లోంచి చొంగ తీగలుగా కారుతోంది. ఎడమ డొక్క డప్పులా బిగిసింది. మధ్యాహ్నం రోడ్డు పక్కన మామిడి చెత్తలో మూతి పెట్టిందట.

ఈలోగా ఒకాయన ఆముదమూ వెదురు గొట్టమూ తెచ్చాడు, పోస్తే జారిపోతుందని. నాకు ఇప్పటికీ కోపం దీని మీదే. దారి మూసుకున్నప్పుడు పోసింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కర్రతో నెడితే అన్నవాహిక చిరగొచ్చు. దయచేసి రెండూ చెయ్యకండి. అక్క ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు.

డాక్టరు వచ్చి ముందు గొంతు జోలికే పోలేదు. ఎడమ డొక్కలో లావుపాటి సూది గుచ్చారు. బుస్సుమని గాలి వచ్చింది. ఆవు కడుపులో మేత పులిసి గంటకు 30 నుంచి 50 లీటర్ల దాకా గాలి పుడుతుందట. అదంతా త్రేన్పులుగా అన్నవాహికలోంచే పైకి రావాలి. రాకపోతే ఉబ్బిన కడుపు ఊపిరితిత్తులను నొక్కేస్తుంది. ఆవును చంపేది టెంక కాదు, ఆ గాలి.

తర్వాత మెడకు ఎడమ పక్కన తడిమారు, అన్నవాహిక అటే ఒరిగి ఉంటుంది. నోరు మూసుకోకుండా దవడల మధ్య ఇనుప పట్టీ పెట్టారు. సహాయకుడు బయటి నుంచి గడ్డను పైకి తోస్తుంటే, ఆయన మోచేతి దాకా చెయ్యి పెట్టి టెంకను లాగారు.

ఆవుకూ కుక్కకూ అన్నవాహిక పొడుగునా మన చేతుల్లో ఉండే చారల కండరమే. పందికి దాదాపు అంతా అదే, కడుపు దగ్గర మాత్రం పేగుల్లో ఉండేలాంటి నునుపు కండరం. మనకు పై భాగంలోనే చారల కండరం, కింద నునుపుది. పంది, కుక్క సులువుగా కక్కగలవు. గుర్రానికి కడుపు ద్వారం దగ్గర కండరం గట్టిగా బిగిసి ఉంటుంది, అందుకే అది దాదాపు ఎప్పుడూ కక్కదు. బడి పుస్తకాల్లో మాత్రం "ఆహారం పోయే గొట్టం" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు!

జ్యూస్ షాపుల వాళ్లు, పెళ్లి హాళ్ల వాళ్లు టెంకలను ప్లాస్టిక్ కవరులో ముడేసి రోడ్డు మీద పడేస్తారు. ఆవు కవరు విప్పుకోలేదు. మా ఏరియాలో వేసవిలో ఆవులకు వచ్చే కష్టాల్లో సగం దీనివల్లేనని నా గట్టి నమ్మకం.

రాత్రి పదింటికి మళ్లీ వెళ్లాను. ఆవు పడుకుని ఉంది, అక్క పక్కనే పీట మీద కూర్చుంది. చాలాసేపటికి ఆవు మెడలో ఒక ఉండ కింది నుంచి పైకి సర్రున పాకింది. దవడ కదిలింది.

"నెమరేస్తా ఉండాది" అని అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.