కౌన్సెలర్‌గా చేరబోతున్న బుజ్జికి

బుజ్జీ,

ఫ్యామిలీ కోర్టులో కౌన్సెలర్‌గా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. షుగర్ సంగతి మర్చిపోయి రెండు లడ్డూలు తిన్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చట్టం నేను చెప్పక్కర్లేదు. అయిదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటుంది 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం. 2005 గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ బిడ్డను తాత్కాలికంగా తల్లికి అప్పగించవచ్చు. తండ్రి కలిస్తే బిడ్డకు హాని అనిపిస్తే కలవనివ్వకూడదు. ఆ చట్టం కింద బాధితులకి సాయం చేసే ప్రొటెక్షన్ ఆఫీసర్ రిపోర్టు ఉంటే ముందు అది చదువు. భార్యాభర్తలిద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టకు.

ఇక నా తప్పు విను. నేనూ కౌన్సెలర్‌గా చేరిన రెండో ఏడు. పాపకి ఏడేళ్లు. తండ్రిది ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట, "మీరెలా అంటే అలా మేడమ్" అంటాడు. తల్లి జుట్టు రేగిపోయి, ఒకటడిగితే ఒకటి చెప్తూ, ఏడుపూ అరుపులూ. మాటల మధ్య ఆయన వాచీ విప్పి నా టేబుల్ మీద పెట్టాడు. పక్కనే ఉన్న పాప చప్పున లేచి, విడిచిన చెప్పులన్నీ వరసగా సర్ది, గోడకి ఆనుకుని నిలబడింది. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను! 'తండ్రి దగ్గర క్రమశిక్షణగా ఉంది, తల్లికి నిలకడ లేదు' అని రాసి సంతకం పెట్టాను.

నాలుగు నెలలకి అమ్మమ్మ ఆ పాపని తీసుకొచ్చింది. చేతికి కట్టు. "కొట్టేముందు వాచీ విప్పుతాడమ్మా, అద్దం పగులుతుందని" అంది. నన్నొక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఊహ తెలిసిన బిడ్డ ఇష్టం వినొచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనే ఉంది. కానీ "ఎవరి దగ్గరుంటావు?" అని మొదటిరోజే అడగకు. సాయంత్రం ఎవరితో ఇంటికెళ్లాలో చూసుకునే పిల్లలు జవాబు చెప్తారు. తల్లి అరిస్తే మంచినీళ్లిచ్చి ఆగు. దెబ్బలు తిన్న మనిషి సంగతులన్నీ వరసలో చెప్పలేదు. నీకసలే తొందర, పరీక్షల్లో అందరికన్నా ముందు పేపరిచ్చి వచ్చేదానివి. రిపోర్టు అలా ఇచ్చావో, ఊరుకోను. ఇంకో వాయిదా అడుగు, పరువేం పోదు.

చీకటిపడ్డాక కోర్టు గేటు దగ్గర ఒక్కదానివీ ఆటో కోసం నిలబడకు. మధ్యాహ్నం అన్నం మానకు తల్లీ.

మొదటి పాప నీ ఎదురుగా కూర్చున్న రోజు రాత్రి ఫోన్ చెయ్యి. పేర్లు చెప్పొద్దు. ఎంత పొద్దుపోయినా మేలుకునే ఉంటాను.

పెద్దమ్మ