పంతులు గారి మీద పుస్తకం రాసే ముందు

ఒంగోలు

చిరంజీవి రాఘవకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ బడి పిల్లల కోసం టంగుటూరి ప్రకాశం పంతులు గారి చిన్నతనం, ఆయన రాజకీయాల్లో పైకొచ్చిన తీరు మీద చిన్న పుస్తకం రాయడానికి ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన మొదటి పేజీలు చదివాను. భాష బాగానే ఉంది. కానీ ఏ పేజీ తీసినా ఏటా ఆయన పుట్టినరోజు ఆగస్టు 23న మైకులో వినే ఉపన్యాసం లాగే ఉంది నాయనా. మొదటి వాక్యమే ‘పుట్టుకతోనే సింహం’ అన్నావు. ఆ తర్వాత ఆయన ఏం చేసినా పిల్లలకు ఆశ్చర్యం ఏముంటుంది? సింహం కదా, చేస్తుంది అనుకుంటారు.

నా మాట వింటే డబ్బు సంగతి పట్టుకుని రాయి. ఆయన చేతికి డబ్బు ఎక్కడినుంచి వచ్చింది, ఎవరిచ్చారు, ఎటు పోయింది. తుపాకులకు గుండె చూపించిన కథ అందరూ రాశారు, ఇంకొకరు రాయకపోయినా లోటు లేదు. ఆయన్ని జనం నెత్తిన పెట్టుకోవడానికీ, ఆయన్ని గిట్టనివాళ్ళు వేలెత్తి చూపడానికీ కూడా డబ్బు విషయంలో ఆయన పోకడే కారణం. పిల్లలకు అర్థం కాదేమో అని జంకకు. అప్పంటే ఏంటో మన మెట్ట ప్రాంతం పిల్లలకు ఆరో తరగతికే తెలుసు.

అయితే ముందు ఊరిని రాయాలి. ‘ప్రకాశం జిల్లాలో జన్మించి’ అని రాశావు. ఆయన పేరు పెట్టిన జిల్లాలో ఆయనెలా పుడతాడు? 1872లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి ఆయన పేరు పెట్టారు. ఈ నాలుగు ముక్కలు చెబితే చాలు, కానీ చెప్పాలి.

వినోదరాయునిపాలెంలో ఆయన పుట్టిన నాలుగేళ్ళకు ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధాని (అంటే మద్రాసు ప్రెసిడెన్సీ) అంతా అల్లాడిపోయింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపే క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించాడు. 1878 జూలైలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పంతులు గారి పుస్తకంలో ఇదంతా ఎందుకంటావేమో. ఆయన్ని చేరదీసిన మాస్టారు మిషన్ బడిలో పాఠాలు చెప్పినవారే. ఆ బడి, ఆ కాలువ, ఆ కరువు లేని ఒంగోలును చూపిస్తే అది బొమ్మల పుస్తకంలో ఊరు అవుతుంది, మన ఊరు కాదు.

తండ్రి గోపాలకృష్ణయ్య గారు పోయేనాటికి ఈయనకు పదకొండేళ్ళు. తల్లి సుబ్బమ్మ గారు పిల్లల్ని తీసుకుని ఒంగోలు వచ్చి పూటకూళ్ళ ఇల్లు పెట్టారు. దీన్ని నువ్వు ‘హోటల్’ అని రాశావు. తీసెయ్యి. కోర్టు పనికో కచేరీ పనికో ఊరికొచ్చినవాళ్ళకు డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇల్లు అది. ఆ రోజుల్లో వితంతువైన బ్రాహ్మణ స్త్రీ నలుగురికీ వండిపెట్టి పైకం పుచ్చుకోవడం బంధువుల్లో ఎంత నామోషీయో నీకు చెప్పక్కర్లేదు. ఒక పేజీ మొత్తం ఆమెకే ఇవ్వు. పొయ్యి దగ్గర పొగ, అరువు ఖాతాలు, భోజనం చేసి డబ్బివ్వకుండా పోయేవాళ్ళు, ఇవన్నీ ఉంటాయి కదా. ఇక్కడ ఊహించి రాస్తున్నావని పిల్లలకు తెలిసేలా ‘ఇలా ఉండి ఉంటుంది’ అని రాయి, జరిగినట్టు రాయకు. పరీక్ష ఫీజు మూడు రూపాయలకు ఆమె పట్టుచీర తాకట్టు పెట్టారని చెప్పుకుంటారు. ‘చెప్పుకుంటారు’ అనే మాటతోనే అది రాయి. ఆ మాట పెడితే కథ బలం తగ్గుతుందనుకోకు.

మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి గురించి ఒకే వాక్యం రాశావు. అన్యాయం. ఆయన ప్లీడరీ కోసం రాజమండ్రి మకాం మారుస్తూ ఈ కుర్రాణ్ణి వెంట తీసుకుపోయి చదివించారు. నాయుడు గారు లేకపోతే ప్రకాశం లేడు, అంతే. కులం గోల ఇంతగా ముదిరిన ఈ రోజుల్లో ఒక నాయుడు గారు ఒక నియోగి పిల్లవాణ్ణి ఇంటి బిడ్డలా సాకారన్నది ఏ వ్యాఖ్యానమూ లేకుండా రాస్తే సరిపోతుంది. కింద నీతివాక్యం తగిలించావంటే చెడిపోతుంది.

నాటకాలు, ఆడవేషాలు, అల్లరి స్నేహాలు, కొట్లాటలు నువ్వు వదిలేశావు. పిల్లలకు తప్పుడు సంకేతం పోతుందని హెడ్మాస్టరు అన్నారట! పంతులు గారే తన ‘నా జీవిత యాత్ర’లో దాచకుండా చెప్పుకున్న సంగతులను మనం దాచడమేంటి? పద్యం ఎత్తుకుని జనాన్ని కూర్చోబెట్టిన కుర్రాడికి తర్వాత కోర్టులో, సభలో గొంతు ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పాలా?

అక్కణ్ణుంచి వేగంగా నడిపించు. సెకండ్ గ్రేడ్ ప్లీడరు అయ్యాడు, రాజమండ్రిలో ప్రాక్టీసు బాగా సాగింది, ముప్పై దాటగానే మున్సిపల్ చైర్మన్ అయ్యాడు. ఆ ఎన్నికల ముఠా తగాదాలు చిన్నవి కావు, కానీ పిల్లలకు అంత అక్కర్లేదు. సెకండ్ గ్రేడ్ ప్లీడరుకు హైకోర్టులో వాదించే హక్కు లేదు, అందుకోసం బారిస్టరు చదవడానికి 1904లో ఇంగ్లండు వెళ్ళాడు. అక్కడ కాంగ్రెస్ పెద్ద దాదాభాయ్ నౌరోజీ బ్రిటిష్ పార్లమెంటుకు పోటీ చేస్తే ఆయన కోసం పనిచేశాడు. 1907లో తిరిగొచ్చి మద్రాసులో బోర్డు పెట్టాడు. అదే ఏడు బెంగాలు జాతీయ నాయకుడు బిపిన్ చంద్రపాల్ మద్రాసు వచ్చి ఉపన్యాసాలు ఇస్తే, సర్కారుకు భయపడి పెద్దలు వెనకాడిన సభకు ఈయన అధ్యక్షత వహించాడు. కొత్తగా ప్రాక్టీసు పెట్టినవాడికి అది ఎంత రిస్కో మీ నాన్నను అడుగు, లాయరు గుమాస్తాగా చేసినవాడే కదా.

ఇక్కడ ఆగు. పూటకూళ్ళ ఇంటి పిల్లవాడు మద్రాసులో లెక్కలేనంత సంపాదించాడు. 1921లో గాంధీ గారి పిలుపు విని ఆ ప్రాక్టీసు వదిలేశాడు. ఇది అందరూ రాసేదే. ఆ తర్వాత సంగతి మాత్రం ఎవరూ నిదానంగా రాయరు. అదే ఏడు అక్టోబరులో ‘స్వరాజ్య’ అనే ఇంగ్లీషు దినపత్రిక పెట్టాడు, తర్వాత తెలుగు, తమిళాల్లోనూ తెచ్చాడు. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు లాంటి పాత్రికేయులు అందులో పనిచేసినవారే. పత్రిక నడపడమంటే చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. సర్కారు ప్రకటనలు రావు, జీతాలు ఆగుతాయి, కాగితం కొట్టువాడు గుమ్మం ముందు కూర్చుంటాడు. సంపాదించిందంతా అందులో పోయింది, అప్పులు మిగిలాయి, 1930లలో పత్రిక మూతపడింది. త్యాగం అనే మాట ఒకటి పెట్టి దాటెయ్యకు. పట్టు వదలని మనిషి, లెక్క చూసుకోని మనిషి, ఇద్దరూ ఆయనే.

ప్రతి సంవత్సరం పక్కన ఆయన వయసు పెన్సిలుతో రాసుకో. ఎన్నో తప్పులు అక్కడే దొరికిపోతాయి. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో హర్తాళ్ జరిగి, హైకోర్టు దగ్గర పోలీసులు కాల్చితే ఒక మనిషి చనిపోయాడు. ఆ శవాన్ని చూడనివ్వబోమని పోలీసులు అడ్డుపడితే ఈయన చొక్కా విప్పి ముందుకు నడిచాడు. వాళ్ళు దారిచ్చారు. అప్పటికి ఆయనకు 55 ఏళ్ళు. మీ డ్రాయింగు మాస్టారు వేసిన బొమ్మలో పాతికేళ్ళ కుర్రాడు ఛాతీ విరుచుకుని ఉన్నాడు. మార్పించు. ప్రాక్టీసు వదిలేనాటికే యాభైకి దగ్గర. మన ఊళ్ళలో ఆ వయసుకు కూతురి పెళ్ళి చేసి అరుగు మీద కూర్చుంటారు.

1930లో దేవరంపాడు ఉప్పు సత్యాగ్రహం మన గుమ్మం ముందు జరిగింది, కాబట్టి దానికి చోటు ఎక్కువే ఇవ్వు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఉండి జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించాడు. భూమి మీద హక్కు దున్నే రైతుదేనని ఆ సంఘం తేల్చింది. వెంకటగిరి జమీ కింద నలిగిన నెల్లూరు రైతుల గురించి రెండు మాటలు చేర్చితే నివేదికకు ప్రాణం వస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ రోజుల్లో నాయకుడు ఊరికొస్తే జనం చందాలు వేసుకుని నిధి సమర్పించేవారు, పర్సు ఇవ్వడం అనేవారు. ప్రకాశం గారికి అలా ఇచ్చిన డబ్బును ఆయన సొంతానికీ వాడుకున్నారు. ప్రజలిచ్చిన నిధి ప్రజా కార్యానికే పోవాలని గాంధీ గారు పట్టుబట్టారు. 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధాని పదవి (ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు) ఎవరికి అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇదే కారణంగా ప్రకాశం పోటీకి దిగకూడదన్నారు. ఈయన వినలేదు. ఉన్నదంతా దేశానికి పెట్టాను, ప్రజలు నా పోషణకు ఇచ్చిందే నేను వాడుకున్నాను అన్నది ఈయన వాదన. గాంధీ, నెహ్రూలు రాజాజీ వైపు ఉన్నా శాసనసభ్యులు ఈయన్నే ఎన్నుకున్నారు. 1946 ఏప్రిల్ 30న, 73 ఏళ్ళ వయసులో, ప్రధాని అయ్యారు.

దీన్ని రాయకుండా దాటేస్తే నీ పుస్తకానికి విలువ లేదు, మొహమాటం లేకుండా చెబుతున్నా. రాస్తే జిల్లాలో కొందరు నొచ్చుకుంటారు, వాళ్ళ టెన్షన్ నీకెందుకు? ఇద్దరి వాదనా ఇద్దరి మాటల్లో పెట్టు. నన్నడిగితే గాంధీ గారిదే సబబు. జేబు, ప్రజల సంచీ ఒకటైతే ఎవరూ లెక్క చెప్పలేరు. అలాగని ఈయన్ని తిన్నవాళ్ళ జాబితాలో చేర్చకు. తిన్నవాళ్ళు మేడలు కట్టారు, ఈయన చివరిదాకా చేతిలో పైసా లేకుండా బతికాడు. పిల్లలకు ఈ రెండూ కలిపి చెప్పొచ్చు, వాళ్ళు మనకంటే నిదానంగా ఆలోచిస్తారు.

ఎక్కడ ఆపాలి అని అడిగావు. ఆ ఏప్రిల్ 30తో ఆపు, తర్వాతి పదకొండేళ్ళకూ ఒక్క పేజీ చాలు. ఆ పేజీలో మాత్రం మెలికలన్నీ ఉండాలి. 1947 జనవరిలో ఈయన ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కమ్యూనిస్టులను జైళ్ళలో పెట్టింది. 1952లో అదే కమ్యూనిస్టులున్న ఐక్య కూటమికి ఈయనే నాయకుడు. 1953 అక్టోబరు 1న కాంగ్రెస్ మద్దతుతో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి, 81 ఏళ్ళకు. ఏడాది తిరక్కుండా తిరుపతిలో విశ్వవిద్యాలయం, గుంటూరులో హైకోర్టు వచ్చాయి. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద అవిశ్వాసం పెడితే ఒక్క ఓటు తేడాతో ఈయన ప్రభుత్వం పోయింది. ఆర్డినెన్సు రోజుల్లో తాతలు జైలుకు పోయిన ఇళ్ళు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. వాళ్ళ దగ్గరికీ వెళ్ళు. సన్మానాలు చేసేవాళ్ళ దగ్గరికే పోతే ఒకే కథ పదిసార్లు వింటావు.

ఆత్మకథను పక్కన పెట్టుకో, కానీ దాన్నే కాపీ కొట్టకు. అది పెద్ద వయసులో వెనక్కి చూసుకుంటూ చెప్పింది. చివరి భాగం తెన్నేటి విశ్వనాథం గారు రాసింది. ఆయన పంతులు గారికి ఆప్తుడు, కాబట్టి ఆ భాగంలో గొడవల దగ్గర రెండో పక్షం మాట వేరే చోట వెతుక్కోవాలి. ఒకే సంఘటన రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తే నీకు నచ్చింది తీసుకోకు, రెండూ రాయి.

ఒక ఆదివారం వినోదరాయునిపాలెం, దేవరంపాడు చూసిరా. బైకు మీద కాకుండా బస్సులో పో, మాట్లాడే మనుషులు దొరుకుతారు. ఎండలు ముదరకముందే వెళ్ళు. తిరుగు దారిలో ఇంటికొచ్చి భోంచేసి పో. రాసిన కాగితాలు ఫోనులో పంపకు, నా కళ్ళకు ఆ అక్షరాలు ఆనవు. కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి, పక్కన మార్జిను బాగా వదిలి తీసుకురా. ఎర్ర పెన్ను నా దగ్గరుంది.

మీ పెద్దమ్మ