నెలలు నిండని పాప తలకు వైర్లెందుకు?

ప్రశ్న: మా అమ్మాయికి 30వ వారంలోనే కాన్పయింది. పాపను కాకినాడలో ఒక ఆసుపత్రి ఐసీయూలో అద్దాల పెట్టెలో ఉంచి, మెదడు పనితీరు చూడాలంటూ తలకు వైర్లు అంటించారు. ఆ కరెంటు వల్ల పసిదానికి హాని ఉండదా? వైర్లు లేని పరికరాలు వచ్చాయంటున్నారు. వాటి కోసం పాపను విశాఖపట్నం తీసుకువెళ్లమంటారా?
– ఒక అమ్మమ్మ, కోనసీమ

జవాబు: ఆ వైర్ల గుండా పాప తలలోకి కరెంటు వెళ్లదమ్మా. మెదడు తనంతట తాను పుట్టించే, మైక్రోవోల్టులలో కొలిచేంత స్వల్పమైన విద్యుత్తును చర్మం పైనుంచి గ్రహించి తెరపై గీతగా చూపించడమే వాటి పని. మనిషి మెదడు నుంచి ఇటువంటి గీతను జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లోనే నమోదు చేశారు.

పసికందులకు ఇది ఎంతో అవసరం. నెలలు నిండని బిడ్డకు ఫిట్స్ వచ్చినా చాలాసార్లు కాళ్లూ చేతులూ కొట్టుకోవు. బిడ్డ నిద్రపోతున్నట్లే ఉంటుంది, సంగతి గీతలో మాత్రమే బయటపడుతుంది. పైకి వణుకుగా కనిపించే ప్రతి కదలికా ఫిట్స్ కాదు కనుక, గీత చూసి నిర్ణయిస్తే అనవసరపు మందు కూడా తప్పుతుంది. ఇంకొక మాట: ఈ వయసు బిడ్డ గీత పెద్దవారి గీతలా ఎడతెగకుండా సాగదు, కాసేపు ఎగసిపడి, కాసేపు దాదాపు చదునుగా ఉంటుంది. వారాలు గడిచేకొద్దీ ఆ విరామాలు తగ్గుతాయి కాబట్టి, తెర చూసి మీరు కంగారు పడవద్దు. మెదడులో రక్తస్రావం ఉందేమో తెలుసుకోవడానికి మాడు మీదనుంచి చేసే స్కానింగ్ వేరు.

వైర్లు లేని పరికరమైనా గ్రహించేది ఆ విద్యుత్తునే. చర్మానికి అంటించే సెన్సర్లు దానికీ ఉంటాయి, సంకేతం మాత్రం గాలిలో ప్రయాణిస్తుంది. పొడవైన వైర్లు లాగి పలుచని చర్మాన్ని నొప్పించకపోవడం, తల్లి బిడ్డను సులువుగా గుండెలకు హత్తుకోగలగడం దాని మేలు. అది చిన్న మేలు కాదు. అయినా దాని కోసం ఇంత చిన్న బిడ్డను గంటల తరబడి అంబులెన్సులో తిప్పమని నేను చెప్పను. తొలి రోజుల్లో ప్రయాణపు కుదుపులు కూడా మెదడులో రక్తస్రావానికి దారితీయవచ్చు. నర్సు వైర్లను సర్దితే, వాటితోనే పాపను తల్లి ఛాతీపై చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టవచ్చు. 1978లో కొలంబియాలోని బొగొటాలో మొదలైన ఈ కంగారూ సంరక్షణ గురించి, పాప స్థితి కుదుటపడగానే డాక్టరుగారిని మీరే అడగండి.

అంతకంటే ముందు అడగవలసినది, రాత్రివేళ ఆ గీతను చదివేవారు ఎవరని. ఇంటికి పంపేటప్పుడు నివేదికల ప్రతిని తప్పక తీసుకోండి. తరువాత ఎదుగుదల పరీక్షలు చేసే వైద్యులకు అది కావాలి.