అమెరికా మధ్యంతర ఎన్నికలు, పల్లె ఆసుపత్రిలో వేవర్ ఉద్యోగం: ఫలితాల దాకా ఆగాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ వారు ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ చివరి ఏడాదిలో ఉన్నారు. మిస్సోరీలో 25 పడకల పల్లె ఆసుపత్రి నుంచి జె-1 వేవర్ ఆఫర్ వచ్చింది (జె-1 వీసా మీద శిక్షణ పొందిన డాక్టర్లు రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలన్న నియమం నుంచి మినహాయింపు; బదులుగా డాక్టర్ల కొరత ఉన్నచోట మూడేళ్లు పనిచేయాలి). 2026 నవంబర్ 3న, అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే కాంగ్రెస్ ఎన్నికల్లో డెమోక్రాట్లు గెలుస్తారని అందరూ అంటున్నారు కాబట్టి, వాళ్లు గెలిస్తే మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వమిచ్చే వైద్య బీమా) కోతలు ఆగిపోతాయా, ఫలితాలు చూశాకే సంతకం పెట్టడం మంచిదా అని అడిగారు.

ఫలితాల కోసం ఆగకండి. నేనూ అదే వేవర్ మీద మిస్సోరీ దక్షిణాన, ఓజార్క్ కొండల వైపు ఇలాంటి చిన్న ఆసుపత్రికి హాస్పిటలిస్టుగా (ఆసుపత్రిలో చేరిన పేషెంట్లను చూసే డాక్టరుగా) వచ్చాను. మూడేళ్ల బాధ్యత తీరిపోయాక కూడా ఇక్కడే ఉండిపోయాను. నేను చూసినంతలో ఈ ఆసుపత్రుల బతుకు ఎవరు గెలిచారన్నదాని కంటే చట్టంలో ఏ తేదీ రాసి ఉందన్నదాని మీద, ఆ రాష్ట్రం ఏం చేసిందన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

ముందు జోస్యాల సంగతి. 1946 నుంచి చూస్తే 1998, 2002లో తప్ప ప్రతి మధ్యంతర ఎన్నికలోనూ అధ్యక్షుడి పార్టీ ప్రతినిధుల సభలో సీట్లు పోగొట్టుకుంది. 2024లో రిపబ్లికన్లకు అక్కడ వచ్చినవి 220, డెమోక్రాట్లకు 215. కాబట్టి సభ చేతులు మారుతుందని చెప్పడానికి పెద్ద జ్యోతిష్యం అక్కర్లేదు. కానీ సర్వే అంకెలు పట్టుకుని ఇల్లు, ఉద్యోగం, వీసా నిర్ణయించుకోవద్దు. అయోవాలో ఆన్ సెల్జర్ సర్వే అంటే దశాబ్దాలుగా అందరికీ గురి. 2024లో పోలింగ్‌కు మూడు రోజుల ముందు ఆ సర్వే అక్కడ కమలా హారిస్ 3 పాయింట్లు ముందున్నారని చెప్పింది. ట్రంప్ 13 పాయింట్లతో గెలిచారు.

సరే, ఈసారి సర్వేలు నిజమయ్యాయనే అనుకుందాం. రెండు సభలూ డెమోక్రాట్లకే వచ్చాయనుకుందాం. ఈ మెడికెయిడ్ కోతలు ఉన్నది 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టంలో. దాన్ని వెనక్కి తిప్పాలంటే మళ్లీ ఆయనే సంతకం పెట్టాలి. ఆయన వీటో చేస్తే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. ఆయన పదవీకాలం 2029 జనవరి దాకా ఉంది. సభ చేతిలో ఉంటే కొత్త కోతలను అడ్డుకోవచ్చు, బడ్జెట్ దగ్గర పట్టుబట్టవచ్చు. ఆ పట్టు ఎంతవరకు పనిచేస్తుందో 2025 అక్టోబర్ 1 నుంచి 43 రోజులు ప్రభుత్వం మూతపడినప్పుడు చూశాం. గొడవంతా ఇన్సూరెన్స్ ప్రీమియం సబ్సిడీల గురించి. చివరికి ఆ పెంచిన సబ్సిడీలు డిసెంబర్‌తో అయిపోనే అయిపోయాయి. పైగా ఆ 43 రోజుల్లో ఇంటి నుంచే వీడియోలో డాక్టరుకు చూపించుకునే మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకు ప్రభుత్వమిచ్చే బీమా) సదుపాయం గడువు కూడా తీరిపోయింది. దగ్గరి నగరం స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా కారు నడపలేని పెద్దవాళ్లకు అపాయింట్‌మెంట్లు వాయిదా పడ్డాయని చెప్పాల్సి వచ్చింది మాకు.

ఇప్పుడు డబ్బు సంగతి. అసలు విషయం ఇక్కడుంది.

25 పడకలు అన్నారంటే అది క్రిటికల్ యాక్సెస్ హాస్పిటల్ (చిన్న పల్లె ఆసుపత్రులకు కేంద్రం ఇచ్చే గుర్తింపు) అయ్యుంటుంది. 1997 చట్టంతో వచ్చిన ఏర్పాటు ఇది. మెడికేర్ పేషెంట్ల మీద అయిన ఖర్చుకు 101 శాతం ఇస్తామని రాసి ఉంటుంది. సీక్వెస్ట్రేషన్ అని రెండు శాతం కోసేస్తారు కాబట్టి చేతికొచ్చేది 99 దగ్గర. అంటే 65 దాటినవాళ్ల మీద మిగిలేది ఏమీ ఉండదు. పెద్ద ఊళ్లలో ఆసుపత్రులు ప్రైవేటు ఇన్సూరెన్స్ మీద గట్టెక్కుతాయి. ఇక్కడ ఆ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు తక్కువ, ఉన్నవాళ్లు కూడా మోకాలి ఆపరేషన్‌కు స్ప్రింగ్‌ఫీల్డో సెయింట్ లూయిసో వెళ్లిపోతారు. మిగిలేది మెడికెయిడ్ ఉన్నవాళ్లు, ఏమీ లేనివాళ్లు. 1986 చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ల దగ్గర డబ్బు ఉన్నా లేకపోయినా చూడాల్సిందే. అలాగే ఉండాలి కూడా. కానీ ఆ బిల్లు ఎవరో ఒకరు భరించాలి కదా.

మెడికెయిడ్ అంటే పేదవాళ్లకు ప్రభుత్వమిచ్చే వైద్య రక్షణ అనే వరకు మన ఆరోగ్యశ్రీ లాంటిదే. తేడా ఏమిటంటే దీని ఖర్చు కేంద్రం, రాష్ట్రం కలిసి పెడతాయి, నియమాల్లో చాలా భాగం రాష్ట్రమే నిర్ణయిస్తుంది. ఒబామా కాలపు చట్టం తక్కువ ఆదాయం ఉన్న పెద్దలందరికీ దీన్ని విస్తరించమంది. 2012లో సుప్రీంకోర్టు అది రాష్ట్రాల ఇష్టమని తీర్పిచ్చింది. ఇప్పటికీ టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా, టెనసీ, మిసిసిపీ, కాన్సస్ సహా పది రాష్ట్రాలు విస్తరించలేదు.

మిస్సోరీ కూడా చాలాకాలం ఆ జాబితాలోనే ఉంది. నేను వచ్చిన కొత్తలో పిల్లలు లేని, వైకల్యం లేని వయోజనుడికి ఆదాయం సున్నా అయినా ఇక్కడ మెడికెయిడ్ రాదు. ఆ రోజుల్లో రాత్రి డ్యూటీలో అడ్మిట్ చేసుకున్న ఒక పశువుల ఫారం కూలీ నాకు ఇంకా గుర్తున్నాడు. వయసు యాభై లోపే. ఇన్సులిన్ బాటిల్ నెల దాటి రావాలని డోసు సగానికి తగ్గించుకున్నాడు. పనిబూటు విప్పితే సాక్సు పాదానికి అంటుకుపోయి ఉంది, సెలైన్‌తో తడిపి తడిపి తీశాం. చీము ఎముక దాకా వెళ్లింది. పెద్దాసుపత్రికి పంపాం, మోకాలి కింద తీసేశారు. కాలు పోయాక వికలాంగుడి కింద అతనికి మెడికెయిడ్ వచ్చింది. ఏ ప్రభుత్వ లెక్కలో చూసినా ఇది పొదుపు కాదు. ఇప్పటికీ తలుచుకుంటే కోపం వస్తుంది నాకు.

2020 ఆగస్టు 4న మిస్సోరీ ప్రజలు నేరుగా ఓటు వేసి, 53 శాతంతో మెడికెయిడ్ విస్తరణను రాష్ట్ర రాజ్యాంగంలో పెట్టారు. అదే ఏడాది నవంబర్‌లో అదే రాష్ట్రం ట్రంప్‌కు దాదాపు 57 శాతం ఇచ్చింది. విస్తరణను గెలిపించింది ఎక్కువగా సెయింట్ లూయిస్, కాన్సస్ సిటీ, కొలంబియా ఓట్లే, పల్లె కౌంటీలు చాలావరకు వద్దన్నాయి. తర్వాత శాసనసభ నిధులివ్వననడం, 2021 జులైలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇవ్వాల్సిందేననడం, అక్టోబర్‌లో దరఖాస్తుల పరిశీలన మొదలవడం. ఇప్పుడు ఆ విస్తరణ కింద మూడు లక్షలకు పైగా ఉన్నారు. వద్దని ఓటేసిన కౌంటీల వాళ్లూ కార్డు పట్టుకుని వచ్చారు, మేం సంతోషంగా చూశాం. కాలి మీద చిన్న పుండు పడగానే క్లినిక్‌కు వచ్చే మనుషుల్ని నేను ఈ ఊళ్లో మొదటిసారి చూసింది అప్పుడే. ఆగస్టు ఎండలో జరిగిన ఆ ఓటు గురించి టీవీ చర్చల్లో పెద్దగా ఎవరూ జోస్యం చెప్పలేదు. నా వార్డును అది మార్చినంతగా మరే ఎన్నికా మార్చలేదు.

ఇక 2025 చట్టంలోని తేదీలు చూడండి. విస్తరణ కింద కార్డు ఉన్నవాళ్లు ఏడాదికి కాదు, ఆరు నెలలకోసారి అర్హత నిరూపించుకోవాలి. ఇది 2026 డిసెంబర్ 31 తర్వాత. 19 నుంచి 64 ఏళ్ల వాళ్లు, మినహాయింపులు ఉన్నవాళ్లు తప్ప, నెలకు 80 గంటల పనో చదువో సేవో చేస్తున్నట్టు చూపించాలి. ఇది ఎక్కువ ఆలస్యమైతే 2027 జనవరి 1 నుంచి. అంటే పోలింగ్ అయిన రెండు నెలలకు. ఆసుపత్రులను నేరుగా తాకే ప్రొవైడర్ ట్యాక్స్ కోత 2028 ఆర్థిక సంవత్సరంలో మొదలవుతుంది. మీ వారు 2027 జులైలో చేరితే ఒప్పందం 2030 జులై దాకా. వీటి దెబ్బ చాలావరకు ఆ మూడేళ్లలోనే తెలుస్తుంది, నవంబర్‌లో ఎవరు గెలిచినా.

పని నిబంధన వింటే న్యాయమే కదా అనిపిస్తుంది చాలామందికి. మా దగ్గర పనిచేయనివాళ్లు తక్కువ. ఎండుగడ్డి కోతల కాలంలో రోజుకు పద్నాలుగు గంటలు చేస్తారు, జనవరిలో పని ఉండదు. కూలి నగదు రూపంలో వస్తుంది, జీతం స్లిప్పు ఎక్కడ తెస్తారు? మా పక్క రాష్ట్రం ఆర్కన్సా 2018లో ఇదే పెట్టింది. కొన్ని నెలల్లోనే 18,000 మందికి పైగా కార్డు పోయింది. 2019 మార్చిలో కోర్టు ఆపింది. ఇప్పుడు అది దేశమంతటికీ చట్టం. ఈ చట్టం మొత్తం మీద 2034 నాటికి ఇన్సూరెన్స్ లేనివాళ్లు మరో కోటి మంది పెరుగుతారని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు అంచనా.

ప్రొవైడర్ ట్యాక్స్ అంటే ఆసుపత్రులు రాష్ట్రానికి పన్ను కడతాయి, రాష్ట్రం దాన్ని తన వాటాగా చూపించి కేంద్రం వాటా తెచ్చుకుంటుంది, ఆ మొత్తం మెడికెయిడ్ చెల్లింపులుగా మళ్లీ ఆసుపత్రులకు వస్తుంది. మిస్సోరీలో దీన్ని ఎఫ్.ఆర్.ఏ. అంటారు, ఇక్కడి మెడికెయిడ్‌కు అది వెన్నెముక. విస్తరించిన రాష్ట్రాల్లో ఈ పన్ను పరిమితిని ఏటా అర శాతం చొప్పున 6 నుంచి 3.5 శాతానికి 2032కల్లా దించుతారు. ఆరోగ్యశ్రీ బకాయిలు రాక నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామనడం మనం చూశాం. ఇక్కడ బకాయి కాదు, రేటే తగ్గుతుంది.

పల్లె ఆసుపత్రులకు 50 బిలియన్ డాలర్లు ఇచ్చారు కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. నిజమే, ఏటా 10 బిలియన్ల చొప్పున 2026 నుంచి 2030 దాకా. కానీ అందులో వైద్యానికి నేరుగా చెల్లించగలిగేది 15 శాతం మించకూడదు. మిగతాది కొత్త పథకాలకు, టెక్నాలజీకి, సిబ్బందికి. పల్లెల్లో మెడికెయిడ్ ఖర్చు పదేళ్లలో 137 బిలియన్లు తగ్గుతుందని ఆరోగ్య విధానాలను అధ్యయనం చేసే కేఎఫ్ఎఫ్ సంస్థ లెక్క. మా సెనేటర్ జోష్ హాలీ మెడికెయిడ్ కోతలు తప్పని ముందు వ్యాసం రాశారు, తర్వాత బిల్లుకే ఓటేశారు, రెండు వారాలకు ఆ ప్రొవైడర్ ట్యాక్స్ కోతను రద్దు చేయమని ఇంకో బిల్లు పెట్టారు. సెనేట్‌లో ఆ 2025 చట్టం 51-50తో గట్టెక్కింది. 2017లో ఒబామాకేర్ (పైన చెప్పిన ఒబామా కాలపు చట్టం) రద్దు, రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ చివరి క్షణంలో వద్దనడంతో 49-51తో పోయింది. ఏ సర్వే చెబుతుంది ఇలాంటి ఒక్క ఓటు సంగతి?

కాబట్టి మీ వారిని ఆసుపత్రి గురించి అడగమనండి. ఇంటర్వ్యూలో సీఎఫ్ఓతో (ఆసుపత్రి డబ్బు వ్యవహారాలు చూసే అధికారితో) అరగంట కావాలంటే ఎవరూ తప్పుగా అనుకోరు. ఆదాయం ఆగిపోతే చేతిలో ఉన్న నగదుతో ఎన్ని రోజులు నడుస్తుంది? పేషెంట్లలో మెడికెయిడ్ ఎంత శాతం, ఇన్సూరెన్స్ లేనివాళ్లు ఎంత? కౌంటీ ప్రజలు కట్టే హాస్పిటల్ పన్ను ఏమైనా ఉందా? పెద్ద సిస్టమ్‌లో భాగమా, ఒంటరిదా? ప్రసూతి వార్డు నడుస్తోందా, మూసే ఆలోచన ఉందా? అన్నిటికంటే ముఖ్యం, రూరల్ ఎమర్జెన్సీ హాస్పిటల్‌గా మారే ఆలోచన ఉందా? 2023 జనవరి నుంచి ఆ వెసులుబాటు ఉంది. అలా మారితే నెలనెలా కేంద్రం డబ్బిస్తుంది, కానీ ఇన్‌పేషెంట్ పడకలు ఉండవు. పడకలు లేకపోతే హాస్పిటలిస్టు ఉద్యోగమూ ఉండదు. ఈ ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే మాత్రం ఆలోచించండి. మిస్సోరీలోనే, ఆగ్నేయ మూలన బూట్‌హీల్ అనే ప్రాంతంలో, కెన్నెట్‌లో ఆసుపత్రి 2018లో మూతపడింది. 2010 నుంచి దేశంలో సుమారు 150 పల్లె ఆసుపత్రులు మూతపడ్డాయి, లేదా పడకలు ఎత్తేశాయి.

ఆసుపత్రి మూతపడితే వేవర్ పోతుందని టెన్షన్ పడకండి. మూతపడటాన్ని చట్టమే ప్రత్యేక కారణంగా గుర్తిస్తుంది. డాక్టర్ల కొరత ఉన్న ఇంకో ప్రాంతంలో మిగతా కాలం పూర్తిచేయడానికి అనుమతి అడగవచ్చు. వేవర్ వచ్చాక జె-1 నుంచి మారాల్సిన హెచ్-1బి పని వీసా మీద పెట్టిన లక్ష డాలర్ల ఫీజు సంగతి కూడా అడుగుతారేమో. 2025 అక్టోబర్‌లో ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన వివరణ ప్రకారం అమెరికాలోనే ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్లకు అది వర్తించదు, కాబట్టి మార్పు పూర్తయ్యేదాకా ఇండియా ప్రయాణం పెట్టుకోవద్దు. కాన్‌రాడ్ కోటా, అంటే ఒక్కో రాష్ట్రం ఏటా సిఫారసు చేయగల ఈ వేవర్లు, రాష్ట్రానికి 30 మాత్రమే, కొత్త లెక్క అక్టోబర్‌లో మొదలవుతుంది. నవంబర్ ఫలితాల దాకా ఆగితే పోయేది ఆ స్థానమే.

ఒప్పందాన్ని ఆసుపత్రి లాయరు కాకుండా మీరు పెట్టుకున్న లాయరుతో చదివించండి, మధ్యలో మానేస్తే కట్టాల్సిన సొమ్ము ఎంత రాశారో ముఖ్యంగా చూడమనండి. సీఎఫ్ఓ చెప్పిన అంకెలు ఊరి పేరు, ఆసుపత్రి పేరు లేకుండా ఇక్కడ పెడితే, వాటిని మా దగ్గర ఎలా చదువుతామో చెబుతాను.