డంపర్ ఆర్డర్ ఇచ్చే ముందు: ఓ పెద్దబాపు ఉత్తరం

హన్మకొండ

బిడ్డా,

నువ్వు పంపిన మూడు కొటేషన్లూ చూశాను. మూడింటిలోనూ "లో లీకేజీ డంపర్" అనే రాసి ఉంది, అంటే ఏసీ డక్టులో గాలి దారిని తెరిచి మూసే రెక్కల తలుపు, మూసినప్పుడు గాలి తక్కువ కారేది. అన్నిటికన్నా ఎక్కువ ధర మాత్రం అన్నిటికన్నా తక్కువ ధరకు రెట్టింపు. కాంట్రాక్టర్ తక్కువ ధరదే ఖాయం చేద్దామంటున్నాడని, నీకు మనసొప్పడం లేదని, మీటింగులో ఎందుకు వద్దో చెప్పబోతే మాట దొరకడం లేదని అన్నావు. ఫోన్‌లో చెబితే సగం మిగిలిపోతుందని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు ఒక లెక్క వెయ్యి. మీ ఆస్పత్రి ఓపీ బ్లాక్ ఉదయం 8 నుంచి రాత్రి 9 దాకా, ఆదివారం సెలవు అన్నావు. అంటే వారంలో ఉన్న 168 గంటల్లో ఏసీ నడిచేది 78 గంటలు. మిగతా 90 గంటలు బయటి గాలిని లోపలికి వదిలే ఫ్రెష్ ఎయిర్ డంపర్ మూసే ఉంటుంది. తెరిచి ఉండే సమయం కంటే మూసి ఉండే సమయమే ఎక్కువ. అయినా మనవాళ్లు కొనేటప్పుడు సైజు ఎంత, ప్రెషర్ డ్రాప్ ఎంత, ధర ఎంత అనే అడుగుతారు. మూసినప్పుడు ఎంతవరకు మూసుకుంటుందని అడిగేవాళ్లు తక్కువ. నువ్వు ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టు.

ఫ్యాన్ ఆగాక గాలి లోపలికి ఎందుకొస్తుందని సైట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. రెండు కారణాలున్నాయి. ఒకటి బయట వీచే గాలి. సెకనుకు 10 మీటర్ల వేగంతో వీచే గాలి, బయటి గోడకు గాలి కోసం పెట్టే వాలు పలకల లూవర్ మీద దాదాపు 60 పాస్కళ్ల ఒత్తిడి తెస్తుంది. మే నెల సాయంత్రాల్లో మన దగ్గర లేచే గాలిదుమారాలు నీకు తెలియనివి కావు. రెండోది టాయిలెట్ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. వాటిని రాత్రిపూట కూడా ఆపరు. అవి బయటికి తోసేసిన గాలికి బదులు ఎక్కడి నుంచో గాలి రావాలి కదా. తలుపులు, కిటికీలు మూసి ఉంటే మీ ఫ్రెష్ ఎయిర్ డక్టే దానికి దారి. డంపర్ వదులుగా ఉంటే తెల్లారేదాకా బయటి గాలి ఆ దారిలోనే వస్తుంది. కాబట్టి డంపర్‌తో పాటు ఆ ఎగ్జాస్ట్ ఫ్యాన్లను కూడా టైమ్ షెడ్యూల్‌లో పెట్టమని ఇప్పుడే అడుగు. దానికి పైసా ఖర్చు లేదు.

ఇక అంకెలు. అమెరికాలోని ఆమ్కా సంస్థ డంపర్లకు లీకేజీ క్లాసులు పెట్టింది. పరీక్ష ఎలా చేయాలో ఆమ్కా 500-డి ప్రమాణం చెబుతుంది. డంపర్ మూసి, దాని మీద 1 అంగుళం నీటి పీడనం, అంటే దాదాపు 250 పాస్కళ్లు పెడితే, చదరపు అడుగుకు ఎన్ని సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి, కారుతుందన్నదే లెక్క. క్లాస్ 1ఏ అయితే 3, క్లాస్ 1 అయితే 4, క్లాస్ 2 అయితే 10, క్లాస్ 3 అయితే ఏకంగా 40. ఈ 4కూ 40కీ మధ్య తేడానే నీ కొటేషన్లలో ఆ ఒక్క మాట వెనక దాక్కుని ఉంది. ఆమ్కాలో క్లాస్ 3కి కూడా ఒక క్లాసు అనే పేరుంది కాబట్టి "మాది క్లాస్ ఉన్న డంపరే" అని అమ్మేవాడు ధైర్యంగా చెప్పగలడు.

మీ డంపర్ 4 అడుగులు బై 3 అడుగులు. అంటే 12 చదరపు అడుగులు. రాత్రిపూట దాని మీద 250 పాస్కళ్లు పడవు, అందులో పావు వంతు, 60 చిల్లర అనుకుందాం. పీడనం నాలుగో వంతైతే లీకేజీ దాదాపు సగమవుతుంది. అప్పుడు క్లాస్ 3 డంపర్ గుండా 240 సీఎఫ్‌ఎం వస్తుంది, క్లాస్ 1 గుండా 24. బయట 42 డిగ్రీలు, లోపల 24 డిగ్రీలు ఉన్న ఎండాకాలపు ఆదివారం మధ్యాహ్నానికి ఇదే లెక్క వేస్తే, క్లాస్ 3 లోపలికి మోసుకొచ్చే వేడి ఏసీ లెక్కలో దాదాపు 0.7 టన్ను, క్లాస్ 1 తెచ్చేది అందులో పదో వంతు. మిషన్ ఆపి ఉన్నప్పుడు ఈ వేడి వెంటనే బిల్లులో కనపడదు. గోడలు, సీలింగ్, సామాను వేడెక్కి, సోమవారం పొద్దున ఏసీకి నీళ్లు చల్లబరిచే చిల్లర్ దాన్నంతా దించడానికి గంటల తరబడి ఫుల్ లోడ్‌లో నడుస్తుంది. "సోమవారాలే ఎందుకు చల్లబడదు" అన్న ఫిర్యాదు వస్తే, నేనైతే ముందుగా డంపర్ దగ్గరికే వెళ్తాను.

నాకు వేడి కంటే తేమ గురించే ఎక్కువ బెంగ. శ్రావణం, భాద్రపదాల్లో మన వరంగల్ రాత్రులు ఎంత చెమ్మగా ఉంటాయో తెలుసు కదా. బయట 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉందనుకో. ఏసీ ఆపిన మొదటి గంటల్లో లోపల ఇంకా పొడిగా ఉంటుంది. ఆ 240 సీఎఫ్‌ఎం గంటకు నాలుగు లీటర్ల పైచిలుకు నీటిని ఆవిరి రూపంలో లోపలికి తెస్తుంది. ఇంకా చల్లగా ఉన్న డక్టు మీద, గదిలోకి గాలి వదిలే డిఫ్యూజర్ల మీద అది చుక్కలుగా దిగుతుంది. కొన్నాళ్లకు ఫాల్స్ సీలింగ్ మీద నల్లటి మచ్చలు, ఓపీలో ముక్కిపోయిన వాసన. ఆస్పత్రిలో బూజు అంటే కరెంటు బిల్లు విషయం కాదు, రోగుల విషయం. మేనేజ్‌మెంట్‌కు కరెంటు లెక్క చెప్పినా వినకపోతే ఈ మాట చెప్పు, వింటారు.

చట్టం కూడా నీ వైపే ఉంది. భవనాల ఇంధన పొదుపు కోడ్ ఈసీబీసీ 2017 ప్రకారం, కనెక్టెడ్ లోడ్ 100 కిలోవాట్లు లేదా కాంట్రాక్ట్ డిమాండ్ 120 కేవీఏ దాటిన వాణిజ్య భవనాలు ఇంధన పొదుపు నియమాలు పాటించాలి. వేగం మార్చే వీఎఫ్‌డీ ఉన్న ఫ్యాన్లు ఆగినప్పుడు డంపర్లు వాటంతట అవే మూసుకోవాలని అందులో ఉంది. ఎంత గట్టిగా మూసుకోవాలన్నదానికి అమెరికా ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రే పెట్టిన 90.1 ప్రమాణాన్ని ముందు పెట్టు. బయటి గాలి మోటార్ డంపర్లకు అది చాలా ప్రాంతాల్లో చదరపు అడుగుకు 4 సీఎఫ్‌ఎం పరిమితి పెడుతుంది, అంటే క్లాస్ 1. నా మాట కూడా అదే: బయటి గాలి తగిలే డంపర్ ఏదైనా క్లాస్ 1కు తగ్గకూడదు.

యూరప్ కంపెనీ కేటలాగ్ చూసేటప్పుడు ఒక జాగ్రత్త. వాళ్లు ఈఎన్ 1751 అనే యూరప్ ప్రమాణం ప్రకారం రాస్తారు. అక్కడ బ్లేడ్ల లీకేజీకి క్లాస్ 4 అన్నిటికన్నా గట్టిది. ఆమ్కాలో చిన్న అంకె మంచిది, అక్కడ పెద్ద అంకె మంచిది. "క్లాస్ 1" అని చూసి సంతోషపడి సంతకం పెట్టకు, ఏ ప్రమాణం ప్రకారమో చదువు. పైగా అందులో ఏ, బీ, సీ అని వేరే అక్షరాలుంటాయి. అవి డంపర్ పెట్టె, అంటే కేసింగ్ నుంచి బయటికి కారే గాలికి సంబంధించినవి, బ్లేడ్లకు కాదు.

సర్టిఫికెట్ అడిగితే ఒక పేజీ పంపుతారు. అందులో నువ్వు మూడు చోట్ల వేలు పెట్టి చదవాలి. పరీక్ష ఏ పీడనం దగ్గర చేశారు. ఏ సైజు డంపర్ మీద చేశారు. ఎంత టార్క్‌తో, అంటే ఎంత తిప్పే బలంతో, మూసి చేశారు. సైజు ఎందుకంటే, గాలి కారేది అంచుల దగ్గర. చిన్న డంపర్‌కు వైశాల్యంతో పోలిస్తే అంచు పొడవెక్కువ, అందుకే చదరపు అడుగుకు లెక్కేస్తే అది ఎక్కువ కారుతుంది. మరీ వెడల్పాటి డంపర్‌లో బ్లేడు మధ్యలో వంగి సందు ఇస్తుంది. కాబట్టి సర్టిఫికెట్‌లో ఉన్న గరిష్ఠ వెడల్పు మీ డంపర్ వెడల్పు కంటే తక్కువైతే ఆ కాగితం మీకు పనికిరాదు. అలాంటప్పుడు డంపర్‌ను రెండు సెక్షన్లుగా చేయించుకో.

ఇక వస్తువును చేత్తో పట్టుకుని చూడాల్సినవి. శాంపిల్ లేకుండా ఆర్డర్ ఇవ్వకు. బ్లేడు ఒంటి రేకును మడిచి చేసిందా, ఎయిర్‌ఫాయిల్ ఆకారంలో ఎక్స్‌ట్రూడెడ్ అల్యూమినియందా చూడు. ఎయిర్‌ఫాయిల్ బ్లేడు వంగదు, సీలు సమంగా అతుకుతుంది. బ్లేడు అంచు సీలు జిగురుతో అంటించిన స్పాంజి పట్టీ అయితే అక్కడే పక్కన పెట్టెయ్. మన ఎండకు రెండు వేసవుల్లో అది గట్టిపడి ఊడి వస్తుంది. బ్లేడు అంచులో గాడి ఉండి, అందులోకి ఈపీడీఎం రబ్బరు లేదా సిలికాన్ సీలు జారి బిగుసుకునేలా ఉండాలి. పాడైతే సీలొక్కటే మార్చుకోవచ్చు. బ్లేడు కొనలకూ ఫ్రేమ్‌కూ మధ్య పక్క సీలు, జాంబ్ సీల్ అంటారే, అది స్టెయిన్‌లెస్ స్టీల్ స్ప్రింగు పట్టీ అయి ఉండాలి. చౌక డంపర్లలో బ్లేడు సీలు పెట్టి, ఈ పక్క సీలు ఎగ్గొడతారు. బ్లేడ్లను కలిపే లింకేజీ గాలి దారిలో కాకుండా ఫ్రేమ్ లోపల దాగి ఉంటే మంచిది.

మన ప్రాంతానికి దుమ్ము గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు, జిన్నింగ్ మిల్లుల దగ్గర గాలిలో దూది నూగు తేలుతుంది. కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి, రామగుండం వైపు బొగ్గు మసి. దూది నూగు బ్లేడు సీలు మీద పొరలా కడితే ఎంత మంచి డంపరైనా చివరి రెండు మిల్లీమీటర్లు మూసుకోదు. లూవర్ వెనక పక్షుల జాలీతో పాటు, కడిగి వాడుకునే ప్రీ ఫిల్టర్ ఒకటి డంపర్‌కు ముందే పెట్టించు. డంపర్ దగ్గర చెయ్యి, తల పట్టే యాక్సెస్ డోర్ డ్రాయింగ్‌లో ఉందో లేదో ఇప్పుడే చూడు. తర్వాత డక్టు కోసి పెట్టడం ఎవరికీ ఇష్టముండదు, అందుకే ఎవరూ శుభ్రం చెయ్యరు.

డంపర్‌ను తిప్పే మోటారు, అంటే యాక్చుయేటర్ దగ్గర పిసినారితనం పనికిరాదు. గట్టి సీలు ఉన్న డంపర్‌ను మూయాలంటే సీలు నొక్కుకునేంత బలం కావాలి. బ్లేడ్లన్నీ ఒకే వైపు తిరిగే ప్యారలల్ బ్లేడ్ సీల్డ్ డంపర్‌కు చదరపు మీటరుకు ఎనిమిదిన్నర న్యూటన్ మీటర్లు, పక్కపక్క బ్లేడ్లు ఎదురెదురుగా తిరిగే ఆపోజ్డ్ బ్లేడ్‌కు ఆరు, నేను వేసుకునే లెక్క ఇది. మీ డంపర్ 1.1 చదరపు మీటర్లు, ప్యారలల్ అయితే తొమ్మిదిన్నర వస్తుంది. కాంట్రాక్టర్ 10 న్యూటన్ మీటర్లది చాలంటాడు. కొత్తలో చాలుతుంది. దుమ్ము పట్టి బేరింగు బిగుసుకున్నాక చాలదు. 20ది పెట్టించు. స్ప్రింగ్ రిటర్న్‌దే తీసుకో, కరెంటు పోతే దానంతట అదే మూసుకునేలా. మామూలు మోటారైతే కరెంటు పోయినప్పుడు ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది.

ఇన్ని చోట్ల ఖర్చు పెట్టమన్నాను, ఇప్పుడు మిగిల్చుకోవాల్సిన చోటు చెబుతాను. ఒక్కో గదికి గాలి సర్దడానికి బ్రాంచ్ డక్టుల్లో పెట్టే వీసీడీ డంపర్లకు లీకేజీ క్లాసు అక్కర్లేదు. అవి ఒకసారి సర్ది తాళం వేసేవి, పూర్తిగా మూసేవి కావు. కొటేషన్‌లో వాటికి కూడా అదే ధర పడి ఉంటే తీయించు. ఆ డబ్బు ఫ్రెష్ ఎయిర్, ఎగ్జాస్ట్ డంపర్లకు సరిపోవచ్చు. ఫైర్ డంపర్, స్మోక్ డంపర్ల లెక్క పూర్తిగా వేరు. వాటికి యూఎల్ 555, 555ఎస్ ప్రమాణాలున్నాయి, వాటిలో బేరం వద్దు. ఆపరేషన్ థియేటర్‌ను ఫ్యూమిగేషన్‌కు మూసే చోట క్లాస్ 1 కూడా చాలదు, గాలి అసలు కారని బబుల్ టైట్ డంపర్ కావాలి. దాన్ని కన్సల్టెంట్‌తో రాతపూర్వకంగా ఖాయం చేయించు.

బిగించే రోజు నువ్వే దగ్గరుండు. ఫ్రేమ్ మూలమట్టంగా కూర్చోవాలి. రెండు వికర్ణాలు టేపుతో కొలువు, తేడా 3 మిల్లీమీటర్లు దాటితే విప్పించు. ఫ్రేమ్ మెలితిరిగితే సర్టిఫికెట్‌లోని క్లాసు గోడకు బిగించిన క్షణమే పోతుంది. డక్టు బరువు ఫ్రేమ్ మీద మోపకూడదు. ఫ్రేమ్‌కూ గోడకూ మధ్య సందు చుట్టూ సీలెంట్ పడాలి. బ్లేడ్ల మధ్య కారేది ఆపి, ఫ్రేమ్ చుట్టూ కారేది వదిలేయడం నేను చాలా సైట్లలో చూశాను. యాక్చుయేటర్ క్లాంపును, డంపర్ పూర్తిగా మూసి, మోటారు ఇంకో ఐదు డిగ్రీలు మూసే వైపు నొక్కేలా ఉంచి బిగించాలి. షాఫ్ట్ కొన మీద బ్లేడు ఎటు ఉందో తెలిసేలా గీత గీయించు. భవనాన్ని నడిపే కంప్యూటర్ బీఎంఎస్ తెర మీద "క్లోజ్డ్" అని కనపడేది చాలాసార్లు మనం ఇచ్చిన ఆదేశమే, బ్లేడు ఉన్న స్థితి కాదు. బ్లేడు నిజంగా మూసుకుందో లేదో చెప్పే ఎండ్ స్విచ్ ఒకటి అడిగి పెట్టించుకో.

అప్పగింతకు ముందు రెండు పరీక్షలు. ఒకటి పగటిపూట: డంపర్ మూయించి, డక్టు లోపలి నుంచి లూవర్ వైపు చూడు. ఎక్కడ వెలుతురు గీత కనపడితే అక్కడ సీలు అతకలేదు. రెండోది రాత్రి: డక్టుల్లోకి గాలి పంపే ఏహెచ్‌యూ ఆపి, టాయిలెట్ ఎగ్జాస్ట్‌లు నడుపుతూ, మూసిన డంపర్ అంచుల వెంట వెలిగించిన అగరుబత్తి తిప్పు. పొగను ఒక్కచోటైనా లోపలికి లాగితే అది ఎక్కడో ఫొటో తీసి, సరిచేశాక మళ్లీ చూడు. ఈ రెండూ పాస్ కాకుండా బిల్లు మీద సంతకం పెట్టవద్దు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే. మూడు కంపెనీలకూ ఒకే మెయిల్ రాయి: మా 4 బై 3 సైజుకు, 250 పాస్కళ్ల దగ్గర, ఆమ్కా 500-డి ప్రకారం పరీక్షించిన లీకేజీ అంకె, మూయడానికి వాడిన టార్క్, సీలు ఏ పదార్థం, శాంపిల్ ఎప్పుడు పంపుతారు. జవాబు ఇవ్వనివాళ్లను జాబితా నుంచి తీసెయ్. ఇచ్చినవాళ్ల కాగితాలు నాకు పంపు, ఆదివారం కూర్చుని ఇద్దరం చూద్దాం. వానలు పడేలోపు డంపర్లు బిగిసిపోవాలంటే ఈ నెలలోనే ఆర్డర్ వెళ్లాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దబాపు