సముద్రంలో రిజర్వ్ కావాలంటే ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

భీమిలి వైపు మీ ఊరి ముందున్న రాళ్ల ప్రాంతాన్ని రిజర్వ్‌గా (సముద్ర జీవాల కోసం కాపాడే ప్రాంతంగా) ప్రకటింపజేయాలంటే అర్జీ ఎవరికి పెట్టాలి, ఆ తర్వాత జాలర్లను ఎలా ఒప్పించాలి అని అడిగారు. ఆ వరస తిరగేయండి. మేం అచ్చం మీరన్న వరసలోనే వెళ్లి ఒక ఏడాది పోగొట్టుకున్నాం.

విశాఖకు ఉత్తరాన ఒక ఊళ్లో అయిదుగురం కలిసి మొదలుపెట్టాం (ఊరి పేరు రాయను, వాళ్లకు ఇష్టం లేదు). కంప్యూటర్‌లో గీసిన మ్యాపు పట్టుకెళ్లి గుడి దగ్గర మీటింగ్ పెట్టి, ఈ ఎర్ర గీత లోపల వేట ఉండకూడదని చెప్పాం. ఒక పెద్దాయన లేచి, "ఇంజను లేనోడు తెప్ప మీద ఎల్లగలిగేది అక్కడికే. మరి ఆడేటి తింటాడు బాబూ?" అని అడిగి వెళ్లిపోయాడు. ఆయన వెనకే సగం మంది లేచారు. మా దగ్గర జవాబు లేదు.

తర్వాత కొన్ని నెలలు మ్యాపు తీయలేదు, తెల్లారే ఒడ్డుకు వెళ్లి కూర్చునేవాళ్లం. ఒకరోజు ఆ పెద్దాయనే తడి ఇసుకలో వేలితో గీసి చూపించాడు: ఒడ్డున ఉన్న తాటిచెట్టు వెనకాల కొండ కొమ్ము సరిగ్గా కలవాలి, దక్షిణాన యారాడ కొండ ఒక తీరుగా కనిపించాలి, ఆ రెండు చూపులూ కలిసే చోటే రాళ్లు. ఏ నెలలో అక్కడ ఏ చేప కడుపుతో ఉంటుందో కూడా చెప్పాడు. మా ఎర్ర గీత ఆ చోటికి చాలా పక్కన పడిందని అప్పుడు తెలిసింది.

చివరికి హద్దులు వాళ్ల గుర్తులతోనే పెట్టుకున్నాం. రాళ్ల మీద వల వెయ్యకూడదు, గాలం వెయ్యొచ్చు. ఈ నియమం వాళ్లదే, మేం పెట్టింది కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఏటా ఉండేదే కాబట్టి సముద్రానికి విశ్రాంతి ఇవ్వడం వాళ్లకు కొత్తేమీ కాదు. వాళ్ల కోపమల్లా ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదని రూలు ఉన్నా అవి లోపలికి వస్తుంటే అడిగేవాడు లేడని. అందుకే ముందు ఆ ఫిర్యాదు రాసుకుని వాళ్లతో కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగాం. మా మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ఆడవాళ్లను పిలవడం మర్చిపోకండి. మేం మర్చిపోయాం. గంపల్లో చేపలు అమ్మేది వాళ్లు, చాలా ఇళ్లల్లో వలకూ డీజిల్‌కూ అప్పు తెచ్చేదీ వాళ్లే. వాళ్లు వద్దంటే మగవాళ్లు ఊ కొట్టినా ఆ మాట వారం నిలవదు.

ఇక చట్టం సంగతి. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) కింద అభయారణ్యం, కన్జర్వేషన్ రిజర్వ్, కమ్యూనిటీ రిజర్వ్ ఉన్నాయి. కమ్యూనిటీ రిజర్వ్ ప్రైవేటు, ఉమ్మడి భూములకు. సముద్రం ప్రభుత్వానిది కాబట్టి మీకు దగ్గరగా ఉండేది కన్జర్వేషన్ రిజర్వ్. పాక్ బేలో 2022లో తమిళనాడు ప్రకటించిన దుగాంగ్ (సముద్రపు ఆవు) రిజర్వ్, 448 చదరపు కిలోమీటర్లది, ఈ దారిలో వచ్చిందే. దీనికి స్థానికులతో సంప్రదింపులు తప్పనిసరి. అయితే చట్టం చెప్పిన కమిటీలో గ్రామ పంచాయతీకి ఒక్క ప్రతినిధే. వ్యవసాయ, పశుసంవర్ధక శాఖలకు చోటుంది కానీ వల వేసేవాడికి విడిగా కుర్చీ లేదు. ఆ లోటు తీరాలంటే ఊరి కమిటీ ముందే బలంగా ఉండాలి. అభయారణ్యం అడిగితే ఇంకా పెద్ద పని: ప్రాదేశిక జలాల్లో హద్దులు నేవీ ప్రధాన హైడ్రోగ్రాఫర్‌ను (సముద్రాన్ని కొలిచి మ్యాపులు వేయించే అధికారిని) సంప్రదించి పెట్టాలి, జాలర్ల జీవనోపాధికి రక్షణ కూడా చూపాలి. మన దగ్గర నేవీ స్థావరమే ఉంది కాబట్టి ఆ మాట మొదటి రోజు నుంచే గుర్తుంచుకోండి.

ఒక హెచ్చరిక. రెండో ఏడు ఊరి కుర్రాడే రాత్రిపూట రాళ్ల మీద వల వేశాడు. పెద్దలు పిలిచి తప్పు వేశారు, ఆ డబ్బు గంగమ్మ పండక్కి వెళ్లింది, విషయం అక్కడితో అయిపోయేది. కానీ మాలో ఒకతను ఆ పడవ ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టాడు. ఊరి పరువు పోయిందని మూడు నెలలు ఎవరూ మాతో మాట్లాడలేదు. ఇంటికి వెళ్లి ఆ కుర్రాడి తల్లికి క్షమాపణ చెప్పుకున్నాం. అప్పటి నుంచి ఫొటోలు, లెక్కలు అన్నీ ఊరి కమిటీ దగ్గరే ఉంటాయి. మాకు కావాలంటే అడిగి తీసుకుంటాం.

మీ ఊరు ఏదో చెబితే ఒక ఆదివారం పొద్దున్నే వస్తాను. పడవలు ఒడ్డుకొచ్చే వేళకు కలుద్దాం, మ్యాపు మాత్రం తేకండి.